ముందు తెలుగులో చెప్పు

కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థులకు రాయడం, మాట్లాడడం నేర్పే చిన్న కేంద్రం నడుపుతున్నాను. అంతకుముందు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఇంగ్లిషు అధ్యాపకురాలిని. మొదటి సంవత్సరం పిల్లలకు భాషా ప్రయోగశాల చూసేదాన్ని. వరసగా కంప్యూటర్లు, చెవులకు హెడ్‌ఫోన్లు, ధ్వనుల గుర్తులు, రికార్డు పుస్తకం, చివర సంతకం. ఆ సంతకం కోసం బారులు తీరిన పిల్లలే నాలుగో సంవత్సరంలో ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని వచ్చి, "మేడమ్, ఒకసారి గ్రామర్ చూసిపెట్టండి" అనేవారు. చూస్తే వ్యాకరణానికి వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. వాళ్లు రాసిన వాక్యం ఒక్కటైనా ఉంటే కదా!

కళాశాలల చుట్టూ ఉండే జిరాక్సు దుకాణాలకు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఊపిరి సలపనంత పని. బైండింగుకు వచ్చిన రిపోర్టులు దొంతరలుగా పడి ఉంటాయి. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, లోపల ధ్రువపత్రం, కృతజ్ఞతలు, ఆ తర్వాత అరవై డెబ్భై పేజీలు. అందులో చాలా భాగం ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు పెన్‌డ్రైవుల్లో చేతులు మారినదే. ఇందుకు పిల్లలను తిట్టి ప్రయోజనం లేదు. మీరు చేసిన పనిని మీ మాటల్లో రాయండని వాళ్లను అడిగినవారెవరు? పరీక్షల్లో జవాబుకు ఒక మూస ఉంటుంది. నిర్వచనం, బొమ్మ, లాభాలు, నష్టాలు, ఉపయోగాలు. సెమిస్టర్ తర్వాత సెమిస్టర్ ఆ మూసలోనే రాసి రాసి, స్వయంగా చేసిన ప్రయోగం గురించి చెప్పమన్నా నిర్వచనంతోనే మొదలుపెడతారు. ఇంటర్వ్యూలో కూడా అంతే. "మీ ప్రాజెక్టులో మీరు చేసిందేమిటి?" అని అడిగితే, "ఐఓటీ అనగా..." అని అందుకుంటారు.

ఉద్యోగం మానేశాక జేఎన్‌టీయూ ప్రాంగణానికి దగ్గర్లో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. 1946లో విశాఖపట్నం ఇంజనీరింగ్ కళాశాల పేరుతో మొదలై కాకినాడలో స్థిరపడిన కళాశాల అది. 2008లో విశ్వవిద్యాలయమైంది. దాని చుట్టూనే కాదు, ఊరి చుట్టుపక్కల ప్రైవేటు కళాశాలలు ఎన్నో ఉన్నాయి. తుని, అమలాపురం, రంపచోడవరం వైపు నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకుంటారు. వాళ్లు సాయంత్రం కళాశాల బస్సు దిగి నడిచి రాగలిగే చోటు కావాలని ఆ గది ఎంచుకున్నాను. రెండు బల్లలు, ఆరు కుర్చీలు, ఒక తెల్లబోర్డు. అంతకు మించి ఏమీ కొనలేదు.

మొదట్లో వచ్చినవారి ప్రశ్నలు రెండే. "సర్టిఫికెట్ ఇస్తారా?" ఒకటి. "రిపోర్టు మీరే రాసిస్తే పేజీకి ఎంత?" ఇంకొకటి. రెండింటికీ లేదనే చెప్పాను. పేజీ లెక్కన డబ్బు తీసుకుంటే పేజీలు నింపే పూచీ నాదవుతుంది. గంట లెక్కన తీసుకుంటే ఆ గంటసేపు ఆలోచించే పూచీ విద్యార్థిది. అందుకే రుసుము గంటకే పెట్టాను. దానితోపాటు ఒక నియమం కూడా పెట్టుకున్నాను, ఈనాటికీ దాన్ని సడలించలేదు. విద్యార్థి కాగితం మీద నా కలం పడదు, అతని ల్యాప్‌టాప్ మీద నా చెయ్యి పడదు. అడుగుతాను, వింటాను, బోర్డు మీద బొమ్మ గీస్తాను. రాయడం అతని పనే. ఈ మాట విని వెనుదిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. పక్క సందులో రాసిచ్చేవాళ్లు ఉండగా ఇక్కడ కూర్చుని కష్టపడడం ఎందుకని వాళ్ల లెక్క.

మిగిలినవాళ్లలో మొదట కుదురుగా వచ్చినవాళ్లు డిప్లొమా పిల్లలు. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి, నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్లు. వీళ్లకు చేతి పని బాగా వచ్చు, పేజీ నింపడం రాదు. అలాంటి ఒక సివిల్ కుర్రాడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నా పద్ధతి అతనితోనే ఒక రూపానికి వచ్చింది.

అతని ప్రాజెక్టు ఊక బూడిద కాంక్రీటు. సిమెంటులో కొంత తగ్గించి, దాని స్థానంలో బియ్యం మిల్లుల్లో ఊక కాల్చగా మిగిలిన బూడిద కలపడం. రిపోర్టు తెరిస్తే మొదటి వాక్యం, "ప్రపంచంలో అత్యధికంగా వాడే నిర్మాణ పదార్థం కాంక్రీటు." నేను చూసిన సివిల్ రిపోర్టుల్లో చాలావాటికి మొదటి వాక్యం అదే. ఎనిమిది పేజీలు తిరగేసినా బూడిద ఊసు లేదు.

"ఇది మూసి పక్కన పెట్టు బాబూ. బూడిద ఎక్కణ్నుంచి తెచ్చారో చెప్పు" అన్నాను.

"ఇంగ్లిషులోనా మేడమ్?"

"ముందు తెలుగులో చెప్పు. మీ ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పు."

కుర్చీలో కొంచెం ముందుకు జరిగి మొదలుపెట్టాడు. సామర్లకోట వైపు ఒక మిల్లుకు వెళ్లి బాయిలరు బూడిద ఒక బస్తా తెచ్చారట. అది బొగ్గులా నల్లగా ఉంది. ఊక సరిగ్గా కాలకపోతే కర్బనం మిగిలిపోతుందని, అది పనికిరాదని గైడు సారు వెనక్కి పంపించారట. రెండోసారి ఇంకో మిల్లు నుంచి బూడిద రంగులోనే ఉన్న బస్తా తెచ్చి, సన్నని జల్లెడలో పట్టారు. కలిపేటప్పుడు ఇంకో చిక్కు. బూడిద పెరిగేకొద్దీ మిశ్రమం బిగుసుకుపోయింది. బూడిద నీళ్లు తాగేస్తుంది. నీళ్లు ఎక్కువ పోస్తే బలం పోతుంది కాబట్టి, మిశ్రమాన్ని వదులు చేసే రసాయనం కలిపారు. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి నీళ్లలో నానబెట్టారు. 7 రోజులకు తీసి నొక్కి చూస్తే, బూడిద కలిపినవి మామూలువాటి కంటే ముందే పగిలాయి. "అప్పుడు భయపడ్డాం మేడమ్, ప్రాజెక్టు పోయిందనుకున్నాం" అన్నాడు. 28 రోజులకు చూస్తే పది శాతం బూడిద ఉన్నవి మామూలువాటిని మించాయి. పదిహేను శాతం ఉన్నవి మాత్రం తగ్గిపోయాయి.

"7 రోజులకు ఎందుకు తగ్గింది?" అడిగాను. నాకు నిజంగానే తెలియదు. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు సున్నం విడుదలవుతుందని, బూడిదలోని సిలికా ఆ సున్నంతో నెమ్మదిగా కలిసి గట్టిపడుతుందని, అందుకు సమయం పడుతుందని అతను నాకు బోర్డు మీద గీసి చెప్పాడు. ఆ పావుగంటలో ఒక్క తడబాటు లేదు. ఫోనులో రికార్డు చేశాను. తిరిగి వినిపించి, "ఇందులో ఎంత నీ రిపోర్టులో ఉంది?" అంటే తల అడ్డంగా ఊపాడు. నల్ల బస్తా లేదు, బిగుసుకుపోయిన మిశ్రమం లేదు, 7 రోజుల భయం లేదు. ఉన్నదల్లా ఒక పట్టిక, దాని కింద ఒక గ్రాఫు.

అతనే విని, అతనే కాగితం మీద ఇంగ్లిషులో రాశాడు. చిన్న చిన్న వాక్యాలు. ఏం చేశాం, ఏం చూశాం, ఎందుకు అలా అయిందనుకుంటున్నాం. క్రియా రూపాల్లో తప్పులు ఉన్నాయి. వాటి ఊసు చివరి రోజు దాకా ఎత్తలేదు. వాక్యంలో విషయం నిలిచాక తప్పులు దిద్దడం ఎంతసేపు? పదిహేను శాతం దగ్గర బలం తగ్గిన సంగతి మాత్రం రాయనన్నాడు. మార్కులు తగ్గుతాయని భయం. "అది రాయకపోతే మీరు పది దగ్గర ఎందుకు ఆగారో చదివినవాళ్లకు ఎలా తెలుస్తుంది?" అని అడిగితే చాలాసేపు ఆలోచించి రాశాడు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గ్రాఫు ఉన్న పేజీయే తెరిచి, 7 రోజుల దగ్గర గీత ఎందుకు కిందికి ఉందని అడిగారట. ఆ కుర్రాడు లేచి బోర్డు దగ్గరకు వెళ్లి, నాకు గీసిన బొమ్మే అక్కడా గీశాడట.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా మొదటి గంట తెలుగులోనే. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, ఇంటర్‌లో పొద్దుట నుంచి రాత్రి దాకా ఎంట్రన్సు బిట్లు, ఆ తర్వాత ఒక్కసారిగా అంతా ఇంగ్లిషు. నా దగ్గరకు వచ్చే చాలామంది దారి ఇదే. వాళ్లకు విషయం తెలుగులో అర్థమైంది, పరీక్ష ఇంగ్లిషులో రాశారు. ఈ రెండూ ఎక్కడా కలవలేదు. ఇంజనీరింగును ప్రాంతీయ భాషల్లో బోధించడానికి సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఏఐసీటీఈ 2021లో అనుమతిచ్చింది, వాటిలో తెలుగు కూడా ఉంది. అది మంచి నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. అయితే కంపెనీ ఇంటర్వ్యూ, బయటి దేశాల్లో పై చదువు, సాంకేతిక పత్రం ఇవన్నీ ఇంగ్లిషులోనే ఉన్నంతకాలం పిల్లలకు రెండు ఒడ్లూ కావాలి. తెలుగును గది బయట విడిచి రమ్మంటే వాళ్ల ఆలోచన కూడా అక్కడే ఆగిపోతుంది.

"రాత మీద ఇంత శ్రద్ధ ఇంజనీరుకు ఎందుకు మేడమ్?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం గోడ మీద ఒక స్లైడును పెద్దగా ముద్రించి అంటించాను. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించిన కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదానికి సంబంధించిన స్లైడు అది. నౌక పైకి వెళ్లేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ గురించి అధికారులకు స్లైడ్లతో వివరించారు. ఈ స్లైడు శీర్షిక చదివితే కంగారు పడాల్సిందేమీ లేదనిపిస్తుంది. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, అసలు మాట ఉంటుంది. గతంలో పరీక్షించిన ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలినది 1920. అంటే 640 రెట్లు. ప్రమాదంపై విచారణ జరిపిన బోర్డు తన నివేదికలో ఈ స్లైడును ప్రత్యేకంగా విశ్లేషించింది. సాంకేతిక పత్రం రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టే అలవాటును తప్పుబట్టింది.

వచ్చిన ప్రతి ఒక్కరితో ఆ స్లైడుకు కొత్త శీర్షిక రాయిస్తాను. చాలామంది ముందు "నురుగు పరీక్షల సమీక్ష" అని రాస్తారు. "ఇది చదివిన అధికారి ఏం చేయాలి?" అని అడుగుతాను. మళ్లీ రాస్తారు. ఒక ఐటీ అమ్మాయి చివరికి రాసిన శీర్షిక ఇలా ఉంది. "తగిలిన ముక్క మేం పరీక్షించినదానికి 640 రెట్లు పెద్దది, నౌక భద్రమని మేం చెప్పలేం." ఆ కాగితాన్ని స్లైడు పక్కనే అంటించాను.

కొలత ప్రమాణాలు రాయనివాళ్లకు ఇంకో కథ చెబుతాను. 1999లో అంగారకుడి దగ్గరకు వెళ్లిన నాసా ఆర్బిటర్, అంటే ఆ గ్రహం చుట్టూ తిరగాల్సిన నౌక, ఎందుకు పోయిందో తెలుసా అని అడుగుతాను. ఒక బృందం సాఫ్ట్‌వేర్ బలాన్ని పౌండ్ల లెక్కలో ఇచ్చింది, ఇంకో బృందం దాన్ని న్యూటన్ల లెక్క అనుకుంది. పట్టిక తలపై ప్రమాణం లేని రిపోర్టును ఆ తర్వాత ఎవరూ నా ముందు పెట్టరు.

మాట్లాడడం నేర్పడం వేరే తీరుగా సాగింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి. పిల్లలంతా ఒకే స్వపరిచయం బట్టీ పట్టి వస్తారు. నాన్న రైతు, అమ్మ గృహిణి, నా బలం కష్టపడే తత్వం, నా బలహీనత ఎవరినైనా త్వరగా నమ్మేయడం. వినడానికి అందరూ ఒకే మనిషిలా ఉంటారు. గొంతు కూడా ఒకటే, గుక్క తిప్పుకోకుండా వల్లించే గొంతు.

ముమ్మిడివరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అమ్మాయి ఒకామె ఇదే వల్లించి, తర్వాతి ప్రశ్నకు మౌనంగా ఉండిపోయింది. రెండు కంపెనీల ఇంటర్వ్యూలు అలాగే పోయాయట. మర్నాడు ప్రాజెక్టు బోర్డు తెచ్చుకోమన్నాను. పొలంలో తేమను బట్టి మోటారు ఆపే, వేసే పరికరం అది. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, మోటారు స్విచ్చులా పనిచేసే రిలే, మట్టిలో గుచ్చే సెన్సరు, ఒక చిన్న పంపు. బల్ల మీద ఒక కుండీ పెట్టి, "ఇది పనిచేయించి చూపించమ్మా" అన్నాను. తీగలు కలుపుతూ తనంతట తానే మాట్లాడడం మొదలుపెట్టింది. సెన్సరు కాళ్లు తుప్పు పట్టి ఉన్నాయి. ఏమైందని అడిగాను. ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండడం వల్ల తడి మట్టిలో ఆ లోహం తినేసుకుపోయిందని, కొన్ని వారాల్లోనే కొలతలు తప్పుగా రావడం మొదలైందని చెప్పింది. నాన్న పొలంలో పెట్టి చూస్తేనే ఇది తెలిసిందట, ప్రయోగశాలలో తెలియలేదట. అప్పుడు ప్రోగ్రాం మార్చి, కొలిచే క్షణంలో మాత్రమే సెన్సరుకు కరెంటు అందేలా చేశారు.

"ఇది ఇంటర్వ్యూలో చెప్పావా?"

"అది మా తప్పు కదా మేడమ్, ఎలా చెబుతాను?"

చెప్పాల్సింది అదేనని ఆమెను ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. ఆ వారం అంతా ఒకటే పని. మొదట బోర్డు చేతిలో ఉంచుకుని తెలుగులో, తర్వాత బోర్డు చేతిలో ఉంచుకుని ఇంగ్లిషులో, ఆపైన బోర్డు తీసేసి ఫొటో చూస్తూ, చివరికి ఏమీ లేకుండా. చేతిలో వస్తువు ఉన్నప్పుడు ఆమె ఇంగ్లిషు నిదానంగా, స్పష్టంగా వచ్చింది. వస్తువు తీసేశాక కూడా చేతులు గాలిలో ఆ తీగలే కలుపుతుండేవి. నేను ఆపలేదు. ఆ సీజన్‌లోనే ఒక కంపెనీలో ఆమెను తుప్పు సంగతి మీదే ఎక్కువసేపు అడిగారట. ఉద్యోగం వచ్చింది.

ఉచ్చారణ గురించి తల్లిదండ్రులు ఎక్కువ అడుగుతారు. నేను తక్కువ పట్టించుకుంటాను. మన పిల్లలు హల్లుతో ముగిసే మాటకు చివర అచ్చు తగిలిస్తారు, "జెడ్"ను "జ"గా పలుకుతారు. వినేవాడికి అర్థమైతే చాలు, దాన్ని సరిదిద్దడానికి కూర్చోను. అంకెలు నెమ్మదిగా చెప్పడం, వాక్యం చివర ఆగడం, ప్రశ్న పూర్తిగా విన్నాక నోరు తెరవడం మీద మాత్రం పట్టుబడతాను.

మనుషులు పెరిగాక మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థులనే సహాయకులుగా పెట్టుకున్నాను. గంటకు ఇంతని ఇస్తాను. మెకానికల్ అబ్బాయిని ఈసీఈ వాళ్ల దగ్గర, సివిల్ అమ్మాయిని కంప్యూటర్స్ వాళ్ల దగ్గర కూర్చోబెడతాను. విషయం తెలియనివాళ్లే మంచి ప్రశ్నలు వేస్తారు. వాళ్లకు నేర్పడంలో కష్టమైనది ఒకటే, ఆగడం. ఎదుటివాళ్లు తడుముకుంటుంటే చూడలేక ల్యాప్‌టాప్ లాక్కుని వాళ్లే రాసేస్తారు. మంచి మనసుతోనే చేస్తారు. అందుకే సహాయకులంతా బల్లకు అవతలి వైపు, కీబోర్డు అందనంత దూరంలో కూర్చోవాలని ఏర్పాటు చేశాను.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక గదిలోకి వచ్చే రిపోర్టుల తీరు మారిపోయింది. ఇప్పుడు ఒక్క అక్షరదోషం ఉండదు. ప్రతి పేరా నున్నగా ఉంటుంది, ప్రతి ప్రాజెక్టూ సమర్థమైనదే, విస్తరించదగినదే, వినూత్నమైనదే. మిల్లు నుంచి తెచ్చిన బస్తా మాత్రం అప్పటిలాగే కనబడదు. నేను ఆ పరికరాలను వద్దనను, నిషేధించి లాభం లేదు. వాక్యం వాక్యం చదివించి, "దీనికి నీ దగ్గర ఏముంది, చూపించు" అంటాను. కొలత, ఫొటో, ప్రోగ్రాం, చేతిరాత నోట్సు, ఏదో ఒకటి ఉండాలి. చూపించలేని వాక్యాన్ని అతనే కొట్టేయాలి. నలభై పేజీలు పన్నెండుకు దిగడం మామూలే. అప్పుడు కళాశాల అడిగిన పేజీల లెక్క సరిపోదని గొడవ. ఆ గొడవలో నేను పిల్లల పక్షమే ఉంటాను, కావాలంటే గైడుకు ఉత్తరం కూడా రాస్తాను.

కాపీ శాతం భయం దీనికి తోడు. ఉన్నత విద్యలో గ్రంథచౌర్యంపై యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో ఇతరుల రాతతో పది శాతం దాకా సారూప్యతకు శిక్ష లేదు. ఆ పది లోపు ఉండాలన్న తొందరలో పిల్లలు మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లకు రిపోర్టు అప్పగిస్తారు. అవి సాంకేతిక పదాలను కూడా మార్చేస్తాయి. క్యూబు ఎంత ఒత్తిడికి పగిలిందో చెప్పే పదానికి బదులు ఇంకేదో చేరుతుంది, వాక్యం అర్థం పోతుంది. శాతం తగ్గింది కదా అని సంతోషిస్తారు. అలాంటి రిపోర్టు వస్తే నేను మొదటి గంట నుంచి, తెలుగు నుంచి మొదలుపెడతాను. వేరే దారి లేదు.

ఒక కళాశాల యాజమాన్యం రెండు రోజుల్లో నాలుగో సంవత్సరం వాళ్లందరికీ ఆడిటోరియంలో శిక్షణ ఇవ్వమని పిలిచింది. మంచి మొత్తమే ఇస్తామన్నారు. ఒక్కొక్కరితో పదినిమిషాలు మాట్లాడడానికి కూడా వీలు లేదని చెప్పి, ముప్పైమందిని నెల రోజులు పంపమన్నాను. ఒప్పుకోలేదు. ఆడిటోరియంలో మైకు పట్టుకుని నేను మాట్లాడితే నా మాట్లాడడం మెరుగుపడుతుంది, వాళ్లది కాదు.

డబ్బు విషయం దాచాల్సిందేమీ లేదు. ప్లేస్‌మెంట్ల కాలంలో, ప్రాజెక్టు నెలల్లో గది నిండుతుంది. మే నుంచి జులై దాకా అద్దె కట్టడం కష్టం. ఆ ఖాళీ నెలల కోసమే ఇప్పుడు రెండో సంవత్సరం వాళ్లను పిలుస్తున్నాం. వాళ్ల చేత వారానికి ఒక పేజీ రాయిస్తున్నాం. ఆ వారం ప్రయోగశాలలో ఏం చేశారు, ఏది అనుకున్నట్టు రాలేదు, ఎందుకు రాలేదనుకుంటున్నారు. తెలుగులో రాసినా సరే, రెండు భాషలు కలిపి రాసినా సరే, తేదీ మాత్రం ఉండాలి. ఊక బూడిద కుర్రాడు ఇప్పుడు ఒక నిర్మాణ సంస్థలో సైటు ఇంజనీరు. సెలవుకు వచ్చినప్పుడు తన సైటు డైరీ తెచ్చి ఈ పిల్లలకు చూపిస్తున్నాడు. ఆ రోజు ఎన్ని బస్తాలు వాడారు, వాన ఎప్పుడు మొదలైంది, కాంక్రీటు పోయడం ఎందుకు ఆపారు, ఎవరికి ఫోను చేశారు, అన్నీ అతని చేతిరాతలోనే ఉన్నాయి.